మంచు లోపలి కాలువలకు గేజి ఏదీ?

ఏటా చార్‌ధామ్ యాత్ర మొదలయ్యే రోజుల్లో మన పేపర్లలో ఒక వార్త తప్పకుండా వస్తుంది. గంగోత్రి హిమానీనదం ఇంకాస్త వెనక్కి జరిగిందని. పక్కన రెండు ఫొటోలు ఉంటాయి. పాత ఫొటోలో గోముఖం (మంచు కింద నుంచి గంగ బయటపడే చోటు) ఇక్కడ, కొత్త ఫొటోలో అక్కడ. చివర్లో "ఇలాగే సాగితే గంగ గతేమిటి?" అని ఒక ప్రశ్న. చదివినవాళ్ళు అయ్యో అనుకుని పేజీ తిప్పేస్తారు.

వార్తలో అబద్ధమేమీ లేదు. సుమారు 30 కిలోమీటర్ల పొడవున్న ఆ మంచునది ముందుభాగం ఇరవయ్యో శతాబ్దం చివరి దశాబ్దాల్లో ఏడాదికి 20 మీటర్ల దరిదాపుల్లో తగ్గుతూ వచ్చింది. నా పేచీ అల్లా ఆ ఒక్క అంకెనే పట్టుకుని కూర్చోవడంతో. గోముఖం ఎంత వెనక్కి పోయిందో తెలిసినంత మాత్రాన, దిగువన ఉన్న మనుషులకి అవసరమైన రెండు సంగతులు చెప్పలేం. నీళ్ళు ఎప్పుడు వస్తాయి? ఎంత హఠాత్తుగా వస్తాయి? ఈ రెండూ తేలేది మంచు లోపల. కరిగిన నీరు ఏ దారిన దిగుతోంది, ఎక్కడ ఆగుతోంది, ఎంతసేపు ఆగుతోంది అన్నదాన్ని బట్టి. దాన్ని కొలిచే పని మన దేశంలో జరగాల్సినంత జరగడం లేదు, జరిగిన కొంచెం కూడా జనానికి కనపడదు. ఈ వ్యాసం అదే ఫిర్యాదు.

నేను నీటి లెక్కల మనిషిని. సివిల్ చదివాక కొన్నేళ్ళు గోదావరి వరద అంచనాల పనిలో ఉన్నాను. భద్రాచలం దగ్గర నీటిమట్టం 43 అడుగులకి చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. ఆ ఊళ్ళో చిన్నపిల్లలకి కూడా ఈ అంకెలు నోటికి వచ్చు. 2022 జూలైలో మట్టం 71 అడుగులు దాటినప్పుడు ముంపు ఊళ్ళని ముందే ఖాళీ చేయించగలిగారంటే, పైన ప్రతి మలుపు దగ్గరా ఎవరో ఒకరు గేజి చూసి రాసి పంపుతుండడం వల్లే. ఎగువన ఇంత ఉంటే దిగువకి ఎన్ని గంటల్లో ఎంత వస్తుందో అనుభవం మీద చెప్పేస్తారు. అలా చెప్పగలగడానికి ఇంకో కారణం కూడా ఉంది. గోదావరికి జూన్‌లో ఉన్న వాగులే సెప్టెంబరులోనూ ఉంటాయి. ప్రాణహిత ఈ ఏడు ఒక దారిన, వచ్చే ఏడు ఇంకో దారిన వచ్చి కలవదు.

హిమానీనదం దగ్గర ఈ భరోసా చెల్లదు. దాని వాగులూ కాలువలూ చాలామటుకు ఏటా కొత్తగా తొలుచుకోవాల్సిందే. చలికాలంలో మూసుకుపోతాయి, ఎండాకాలంలో మళ్ళీ తెరుచుకుంటాయి. మే నెలలో కాసిన ఎండకీ, ఆగస్టులో కాసిన అంతే ఎండకీ కింద నదిలో కనిపించే ఫలితం ఒకటి కాదు. మా పనిలో వాడే సూత్రాలన్నీ పరీవాహక ప్రాంతం తన ఆకారం మార్చుకోదన్న నమ్మకం మీద కట్టినవి. ఇక్కడ ఆ నమ్మకమే లేదు. నాకు ఈ విషయం మీద ఆసక్తి పుట్టింది అందుకే.

లోపల ఏం జరుగుతుందో చెప్తాను. కొంచెం ఓపిక పట్టండి, అసలు కథంతా ఇక్కడే ఉంది.

ఎండకి పైపొర కరుగుతుంది. కరిగే సీజన్ మొదట్లో ఆ నీరంతా చలికాలపు హిమంలోకి, ఇంకా గట్టిపడని పొరలోకి ఇంకిపోతుంది. అక్కడే చాలా ఆలస్యం అవుతుంది. ఆ పొర కరిగి కింది గట్టి మంచు బయటపడ్డాక నీరు దాని మీద సన్నని పాయలుగా పారి, ఏదో ఒక చీలికలో పడుతుంది. పడేకొద్దీ చీలిక తొలుచుకుపోయి నిలువు బావి తయారవుతుంది. మూలిన్ అంటారు. దాని గుండా నీరు పదుల, వందల మీటర్లు దిగి, మంచుకీ దాని అడుగున ఉన్న రాతికీ మధ్యకి చేరుతుంది.

అక్కడ రెండు బలాలు పోటీ పడతాయి. ఒకటి బరువు. 100 మీటర్ల మందం మంచు తన కింద ఉన్నదాని మీద వాతావరణ పీడనానికి దాదాపు 9 రెట్లు ఒత్తిడి పెడుతుంది. ఆ ఒత్తిడికి గట్టి మంచు కూడా మెల్లగా సాగి, ఖాళీ ఎక్కడుంటే అక్కడికి జరిగి పూడ్చేస్తుంది. రెండోది ప్రవహించే నీటి వేడి. సున్నా డిగ్రీల నీటికి వేడేమిటి అనిపిస్తుంది. కానీ కిందికి దూకే నీరు రాపిడి వల్ల వేడి పుట్టిస్తుంది. లెక్క వేస్తే, ఒక లీటరు నీరు వెయ్యి మీటర్లు దిగేసరికి దాదాపు 30 గ్రాముల మంచుని కరిగించేంత శక్తి దాని నుంచి వస్తుంది. లీటరుకి 30 గ్రాములు ఏపాటి అనుకోవద్దు, సెకనుకి వేల లీటర్లు పోతున్నాయక్కడ. కాబట్టి నీరు గోడల్ని కరిగించి దారిని పెద్దది చేస్తుంటుంది, మంచు బరువు దాన్ని మూస్తుంటుంది. నీరు ఎక్కువైతే కాలువ గెలుస్తుంది. నీరు తగ్గితే మంచు గెలుస్తుంది.

1972లో స్విస్ శాస్త్రవేత్త హాన్స్ రోట్లిస్‌బెర్గర్ ఈ పోటీని గణితంలో పెట్టి ఒక తమాషా ఫలితం తేల్చాడు. ఇలాంటి కాలువల్లో పెద్దదాంట్లో నీటి పీడనం చిన్నదాంట్లో కన్నా తక్కువ ఉంటుంది. నీరు ఎప్పుడూ ఎక్కువ పీడనం నుంచి తక్కువ వైపుకే పోతుంది కాబట్టి చిన్న దారుల నీరంతా పెద్ద కాలువలోకి వచ్చేస్తుంది, అది ఇంకా పెద్దదవుతుంది. కాలువ గట్టుకి గండి పడడం చూసినవాళ్ళకి ఇది వెంటనే అర్థమవుతుంది. మొదట ఎలుక బొరియంత సందు. ఒకసారి నీరు దాన్ని పట్టుకుందంటే మిగతా కాలువంతా అటే తిరుగుతుంది, సందు నిమిషాల మీద పెరుగుతుంది. మంచు కింద జరిగేది కూడా గండే, కాకపోతే కొన్ని వారాలు పడుతుంది.

అందుకని సీజన్ మొదట్లో మంచు అడుగున నీరు పోయే తీరు వేరు, చివర్లో వేరు. మొదట్లో పెద్ద కాలువలు ఉండవు. రాతి గుట్టల వెనక మిగిలిన చిన్న చిన్న ఖాళీలు, వాటిని కలిపే ఇరుకు సందులు, అంతే. అడుగంతా పరుచుకుని, నెమ్మదిగా, ఎక్కువ పీడనంతో పోతుంది నీరు. పీడనం మరీ పెరిగితే మంచునే లేపుతుంది. మూలిన్‌లో నీటిమట్టం మంచు మందంలో పదింట తొమ్మిది వంతులకి చేరిందంటే, అక్కడ మంచు నీటి మీద తేలుతున్నట్టే లెక్క. అప్పుడు హిమానీనదం జర్రున జారుతుంది. అదే జూలై, ఆగస్టు నాటికి కాలువలు తయారై నీరు దండిగా పోతున్నా పీడనం పడిపోతుంది, జారుడు తగ్గుతుంది. ఎక్కువ కరిగితే ఎక్కువ జారుతుందని అందరం అనుకుంటాం. కానీ మొత్తం నీటికన్నా, హెచ్చుతగ్గులు ఎంత హఠాత్తుగా వచ్చాయన్నదే ఎక్కువ ముఖ్యమని హిమానీనదాల శాస్త్రవేత్త క్రిస్టియన్ షూఫ్ 2010లో చూపించాడు.

ఇక్కడ మా పెద్దమ్మ సంగతి ఒకటి చెప్పాలి. యాత్ర నుంచి వచ్చాక గంగ చెంబు నా చేతిలో పెట్టి, "ఒరేయ్, గోముఖం నుంచి తెప్పించుకున్న నీళ్ళురా ఇవి. వేల ఏళ్ళనాటి మంచు కరిగి వచ్చినవి" అంది. "వేల ఏళ్ళనాటివో ఏమో కానీ పెద్దమ్మా, ఇందులో చాలామటుకు మొన్నో అటుమొన్నో పైన ఎండకి కరిగి, బిలంలో పడి, మంచు కింద నడుచుకుంటూ వచ్చినవే" అన్నాను. "నడుచుకుంటూ వచ్చాయా! అయితే మనలాగే యాత్ర చేశాయన్నమాట" అని ఆవిడ సంతోషపడింది. నేను సైన్సు చెప్దామనుకుంటే ఆవిడ ఇంకో మెట్టు భక్తిలోకి ఎక్కించింది. కానీ గోముఖం గురించి చాలామందికి ఉన్న ఊహ ఆవిడకి ఉన్నదే. మంచు ముందువైపు నుంచి కరిగి అక్కడే నదిగా పుడుతోందని. నిజానికి గోముఖం ఒక ద్వారం. నది పుట్టింది దానికి ఎగువన, ఎన్నో కిలోమీటర్ల మంచు మీదా, లోపలా, కిందా.

మరి లోపల కంటికి కనపడనిదాన్ని కొలిచేదెలా?

అన్నిటికన్నా సులువైన పద్ధతి రంగు. మూలిన్‌లో కొద్దిగా రోడమిన్ గానీ ఫ్లోరోసీన్ గానీ పోసి, కింద ముఖద్వారం దగ్గర ఫ్లోరోమీటర్ పట్టుకుని కూర్చోవడం. రంగు కంటికి ఆనకపోయినా ఆ పరికరం పసిగడుతుంది. ఎన్ని గంటలకి వచ్చిందన్న దాన్ని బట్టి వేగం తెలుస్తుంది. ఒక్కసారిగా గుప్పున వచ్చిందా, రోజంతా సాగదీసుకుంటూ వచ్చిందా అన్నదాన్ని బట్టి దారి ఎలాంటిదో తెలుస్తుంది. సూటిగా ఉన్న కాలువలో నీరు సెకనుకి అర మీటరు, మీటరు పోగలదు. ఖాళీల గుండా సాగే నీరు అందులో పదో వంతు కూడా పోదు.

స్విట్జర్లాండ్‌లోని అరోలా హిమానీనదం మీద 1980ల చివర, 1990ల మొదట్లో బ్రిటిష్ పరిశోధకులు ఈ పనే వందలసార్లు చేశారు. అదే బిలాల్లో, సీజన్ పొడవునా, మళ్ళీ మళ్ళీ. దాంతో కాలువల వ్యవస్థ ముందువైపు నుంచి పైకి ఎలా పాకుతుందో, పైన హిమపు గీత (హిమం మిగిలి ఉన్న హద్దు) వెనక్కి తగ్గుతున్నకొద్దీ కింద కాలువ చివర దాన్ని ఎలా వెంబడిస్తుందో మ్యాపు గీసినట్టు తేల్చారు. వేడినీటితో రంధ్రాలు వేసి అడుగున ప్రెషర్ సెన్సర్లు దింపారు. ఇంత జరగడానికి అక్కడ ఒక అనుకూలం ఉంది. ఆ నీటిని గ్రాండ్ డిక్సాన్స్ జలవిద్యుత్ కంపెనీ పట్టుకుంటుంది. అందుకని మంచు ముందే ప్రవాహాన్ని ఆపకుండా కొలిచే కట్టడం ఉంది. నీటికి ధర కట్టిన చోట గేజి దానంతటదే వచ్చిందన్నమాట.

ఇంకో పరికరం మనందరికీ తెలిసిందే, ఇళ్ళకి ఆర్వో మిషన్ అమ్మడానికి వచ్చే కుర్రాడి చేతిలో ఉండే టీడీఎస్ మీటర్. దానికి అన్నలాంటి ఈసీ మీటర్‌ని నదిలో ఉంచితే, నీటిలో కరిగిన లవణాలు ఎంతో చెబుతుంది. మంచు కింద రాతిని, ఒండ్రుని రాసుకుంటూ చాలాసేపు తిరిగిన నీటిలో లవణాలు ఎక్కువ. పైనుంచి కాలువలో పడి సూటిగా వచ్చేసిన నీటిలో తక్కువ. మధ్యాహ్నం ప్రవాహం పెరిగినప్పుడు మీటరు కిందికి పడుతుంది, తెల్లవారుజామున పైకి లేస్తుంది. ప్రవాహాన్ని కొలవడానికి కూడా ఈ మీటరే పనికొస్తుంది. ఎగువన లెక్కగా తూచిన ఉప్పు కలిపి, దిగువన అది ఎంత పలచబడిందో చూస్తే చాలు. నడుం లోతు నీళ్ళలో దిగాల్సిన పని లేదు. దిగినవాళ్ళనడిగితే తెలుస్తుంది ఆ సుఖం. గోముఖం నుంచి బయటపడే భాగీరథి నీరు ఆగస్టులో కూడా ఎముకలు కొరికేస్తుంది.

మన దగ్గర ఇవేవీ జరగలేదనను. ఉత్తరాఖండ్‌లోని డోక్రియాని హిమానీనదం మీద రంగు ప్రయోగాల ఫలితాలు 2001లోనే వచ్చాయి. గంగోత్రి దిగువ భాగం గుండా రెండు ఉపనదాల నీరు ఏ దారుల్లో పోతోందో జేఎన్‌యూ పరిశోధకులు వెతికి 2014లో ప్రచురించారు. గోముఖానికి 3 కిలోమీటర్ల దిగువన భోజ్‌బాసా దగ్గర రూర్కీలోని జాతీయ జలవిజ్ఞాన సంస్థ ఏళ్ళ తరబడి ప్రవాహం కొలిచింది. హిమాచల్‌లోని ఛోటా షిగ్రీ హిమానీనదం మీద 2002 నుంచి మంచు లాభనష్టాల లెక్క ఏటా రాస్తున్నారు. చంద్రా లోయలో 4,000 మీటర్ల పైన హిమాంశ్ పరిశోధన కేంద్రం 2016లో తెరిచారు. వీళ్ళ మీద నాకు గౌరవమే. నేను అంటున్నది ఏమిటంటే, ఇంత పెద్ద హిమాలయానికి ఇవి చాలవు. పైగా లోపలి నీటి గురించి జరిగినవి ఎక్కువగా ఒక సీజన్‌కో రెండు సీజన్లకో పరిమితమైన పనులు. ఏటా మారే వస్తువుని ఒకసారి కొలిచి వదిలేస్తే, అది ఆ ఏటి చరిత్రగా మిగిలిపోతుంది.

భోజ్‌బాసా లెక్కల్లో నాకు బాగా నచ్చిన సంగతి ఒకటుంది. గంగోత్రి నుంచి రాత్రిపూట వచ్చే నీరు, పగటిపూట వచ్చే నీటికి దాదాపు సమానం. ఎండ ఉన్నది పగలే, కరిగేది ఎక్కువగా పగలే. అయినా రాత్రి నది తగ్గదు. అంటే అంత పెద్ద మంచు శరీరం, దాని పైనున్న హిమం, లోపలి ఖాళీలు అన్నీ కలిసి నీటిని కొన్ని గంటలో రోజులో పట్టి ఉంచి నిదానంగా వదులుతున్నాయి. ఏ ఇంజినీరూ కట్టని రిజర్వాయర్ అది. సీజన్ ముదిరేకొద్దీ ఆ ఆలస్యం తగ్గడం కూడా ఆ లెక్కల్లోనే కనిపించింది, హిమం పోయి కాలువలు తెరుచుకుంటాయి కదా.

ఇప్పుడు అసలు ప్రశ్న. ఈ రిజర్వాయర్ చిక్కిపోతే ఏమవుతుంది? పైన హిమపు పొర పలచబడితే ఇంకే చోటు తగ్గుతుంది. కాలువలు ముందే తెరుచుకుంటాయి. మధ్యాహ్నం కరిగిన నీరు సాయంత్రానికే నదిలో ఉంటుంది. రాత్రి నది సన్నబడుతుంది. ఏడాది మొత్తం నీటి లెక్క మారకపోయినా పగలు, రాత్రి తేడా పెరుగుతుంది. అలాంటి నది మీద వర్షం కూడా పడితే, రెండు శిఖరాలు ఒకే గంటలో కలిసే అవకాశం పెరుగుతుంది. ఇది మీటర్లలో చెప్పే వెనకడుగు వార్తలో ఎక్కడా కనపడదు. భోజ్‌బాసా గేజిలో అయితే ఏ ఏటికా ఏడు కనిపిస్తుంది.

గంగ ఎండిపోతుందన్న మాటని నేను అనను. 2035 నాటికి హిమాలయ మంచు మాయమవుతుందని వాతావరణ మార్పుల మీద ఐక్యరాజ్యసమితి సంఘం ఐపీసీసీ 2007 నివేదికలో దూరిన వాక్యం తప్పని 2010 జనవరిలో వాళ్ళే ఒప్పుకున్నారు. ఆ ఒక్క తప్పు మంచు గురించి మాట్లాడే ప్రతివాడి నోటినీ కొన్నేళ్ళు మూయించింది. పైగా గంగకి ప్రధానంగా నీరిచ్చేది వానలు. సింధులో మంచు వాటా చాలా ఎక్కువ. మన కృష్ణా గోదావరులకి హిమానీనదాలతో సంబంధమే లేదు. అలాగని తేలిగ్గా తీసుకునే పరిస్థితీ లేదు. 2011-2020 మధ్య హిందూకుష్ హిమాలయ మంచు అంతకు ముందు దశాబ్దం కంటే 65 శాతం వేగంగా పోయిందని ఖాట్మండులోని పర్వత పరిశోధన సంస్థ ఇసిమోడ్ 2023లో లెక్క తేల్చింది. కరిగే నీరు ఈ శతాబ్దం మధ్య దాకా పెరిగి, తర్వాత తగ్గుముఖం పడుతుందని అంచనా. అంటే ముందున్న రెండు మూడు దశాబ్దాలూ ఎక్కువ నీరు పలచని మంచు గుండా పోయే కాలం. లోపలి దారుల సంగతి తెలియాల్సింది ఇప్పుడే.

పలచని మంచు దారులతో ఏం చేస్తుందో ఆల్ప్స్‌లో కనిపిస్తోంది. బరువు తగ్గిపోతే కాలువని మూసే బలం తగ్గుతుంది. చలికాలంలో కూడా మూసుకోని గుహలు మంచు ముందుభాగంలో మిగిలిపోతాయి, వాటిలోకి గాలి దూరి లోపల నుంచీ కరిగిస్తుంది, చివరికి కప్పు గుండ్రంగా కూలుతుంది. ఇలాంటి కూలుడు ఈమధ్య ఎక్కువైందని స్విస్ పరిశోధకులు ఒటెమ్మా హిమానీనదం కాలువల్ని పరిశీలిస్తూ 2021లో రాశారు. గంగోత్రి లాంటి చోట, దిగువ భాగమంతా రాళ్ళు కప్పి ఉన్నందువల్ల కథ ఇంకో రకం. మందపాటి రాళ్ళ దుప్పటి కింద మంచు నెమ్మదిగా కరుగుతుంది. దాని మధ్యలో ఏర్పడే నీటి మడుగులు, మంచు గోడలు మాత్రం తమ దగ్గరి మంచుని చుట్టుపక్కలకన్నా వేగంగా తినేస్తాయి. ఆ మడుగులు ఒకరోజు ఉంటాయి, ఇంకోరోజు లోపలి దారి దొరికి ఖాళీ అయిపోతాయి. ఆ నీరు ఎటు పోయిందో పైనుంచి చూసేవాడికి తెలీదు.

లోపల నీరు ఉందో లేదో తెలుసుకోవడం ఎంత ముఖ్యమో చెప్పడానికి తెత్ రూస్ కథని మించింది లేదు. ఫ్రాన్స్‌లోని మోంబ్లాన్ కొండల్లో అదొక చిన్న హిమానీనదం, 8 హెక్టార్లు. మన దగ్గర ఒక మోతుబరి రైతు పొలమంత. 1892 జూలైలో ఒక రాత్రి దాని కడుపులో దాగిన నీరు బద్దలై కింద ఉన్న సాన్ జెర్వే లోయ మీద పడి 175 మందిని చంపింది. పైన చెరువు లేదు, వాన లేదు, ముందు ఏ గుర్తూ లేదు. తర్వాత మంచులోకి సొరంగం తవ్వారు, దాన్ని వందేళ్ళు కాపాడుకుంటూ వచ్చారు. ఈ శతాబ్దం మొదటి దశకం చివర్లో అధికారులకి ఒక సందేహం వచ్చింది, ఇంకా ఈ సొరంగం మీద డబ్బు పెట్టడం అవసరమా అని. సంగతి తేల్చమని గ్రెనోబుల్ శాస్త్రవేత్తల్ని అడిగారు.

వాళ్ళు రాడార్‌తో చూశారు. ఆస్పత్రుల్లో ఎమ్మారై ఏ సూత్రం మీద పనిచేస్తుందో అదే సూత్రంతో, కేబుళ్ళు పరిచి, మంచు లోపలి నీటిని వెతికారు. 50,000 ఘనపు మీటర్ల దరిదాపుల్లో నీరు లోపల బందీగా ఉందని తేలింది. రంధ్రం వేసి చూస్తే పీడనం కూడా భయపెట్టేలా ఉంది. 2010లో పంపులు పెట్టి ఖాళీ చేశారు. నీరు మళ్ళీ చేరితే 2011లో, 2012లో మళ్ళీ తోడారు. సొరంగం దండగేమో చూడండి అని అడిగిన ప్రశ్నకి వచ్చిన జవాబు అది.

అందులో నన్ను ఆశ్చర్యపరిచింది నీరు ఆగిన కారణం. పైన దళసరి హిమం ఉన్నచోట కరిగిన నీరు లోపలికి ఇంకి గడ్డకడుతూ మంచుకి వేడి ఇస్తుంది, చలికాలపు చలిని ఆ పొర అడ్డుకుంటుంది. ముందుభాగంలో ఆ పొర పలచనై పోతే చలి నేరుగా లోపలికి దిగుతుంది. అలా తెత్ రూస్ ముందుభాగం అడుగు రాతికి అంటుకుని గడ్డకట్టి బిరడా అయిపోయింది. ఎగువన కరిగిన నీటికి బయటికి దారి లేదు. వాతావరణం వేడెక్కుతుంటే మంచు ముక్కలో కొంత భాగం చల్లబడి ఆనకట్టగా మారడం! ఉష్ణోగ్రతలు పెరుగుతున్నాయి, కాబట్టి ఇలా అవుతుంది అని కుర్చీలో కూర్చుని చెప్పేవాళ్ళలో ఎవరూ దీన్ని ఊహించి ఉండరు. రంధ్రం వేసి థర్మామీటర్ దింపినవాళ్ళకే తెలిసింది.

ఇక కేదార్‌నాథ్. 2013 జూన్ 16, 17 తేదీలు మన రాష్ట్రంలో చాలా ఇళ్ళకి గుర్తే. వెళ్ళినవాళ్ళ ఫోన్లు కలవక రోజుల తరబడి టీవీల ముందు కూర్చున్నారు. కొందరు ఇప్పటికీ రాలేదు. గుడికి సుమారు 2 కిలోమీటర్ల పైన చోరాబారీ తాల్ ఉండేది. గాంధీ అస్థికలు కలిపినందువల్ల గాంధీ సరోవర్ అనే పేరు కూడా ఉంది. సుమారు 400 మీటర్ల పొడవు, 200 మీటర్ల వెడల్పు. దానికి పైనుంచి పొర్లే అలుగు లేదు. అడుగున ఉన్న ఇరుకు సందుల గుండా నీరు ఊటగా బయటికి పోయేది, అంతే. డెహ్రాడూన్ వాడియా సంస్థ వాళ్ళ వాతావరణ కేంద్రం అక్కడే ఉండడంతో 24 గంటల్లో 325 మిల్లీమీటర్ల వాన పడిందని మనకి తెలుసు. దానికి తోడు కరుగుతున్న హిమం. లోపలికి వచ్చినంత వేగంగా బయటికి పోలేక, 17 ఉదయం మొరెయిన్ (హిమానీనదం తోసుకొచ్చిన రాళ్ళూ మట్టీ) గట్టు తెగింది. నిమిషాల్లో సరస్సు ఖాళీ.

వాన ఎంతో మనకి తెలుసు, సరస్సు సైజు తెలుసు. ఆ అడుగు సందుల్లోంచి రోజుకి ఎంత నీరు పోగలదన్నదే తేల్చే లెక్క. అది ఏ ఉపగ్రహ చిత్రంలోనూ కనిపించదు. కొంచెం ఉప్పో రంగో, ఒక మీటరో, కొన్ని సీజన్ల ఓపికో ఉంటే దొరికే అంకె.

దీనికి నా మిత్రులు చెప్పే జవాబు నాకు తెలుసు. "మన బాలానగర్‌లోనే ఇస్రో వాళ్ళ ఉపగ్రహ చిత్రాల కేంద్రం ఎన్నారెస్సీ ఉంది కదా, అక్కణ్ణుంచి ప్రతి సరస్సునీ చూస్తున్నారు, ఇంకా కొండెక్కడం ఎందుకు?" అని. చూస్తున్నారు, చాలా బాగా చూస్తున్నారు. 10 హెక్టార్ల పైబడిన 2,431 సరస్సుల్లో 676 సరస్సులు 1984 నుంచి చెప్పుకోదగ్గంత పెరిగాయనీ, అందులో 601 రెట్టింపు దాటాయనీ ఇస్రో 2024లో ప్రకటించింది. సిక్కింలో సౌత్ లొనాక్ సరస్సు తెగినప్పుడు ఎన్నారెస్సీ చిత్రాల్లోనే 2023 సెప్టెంబరు 28న 167 హెక్టార్లున్నది అక్టోబరు 4కి 60కి పడిపోయిందని తెలిసింది. అయితే ఆ రెండో అంకె తెలిసేసరికి చుంగ్‌థాంగ్ డ్యామ్ కొట్టుకుపోయింది.

నిజాయితీగా చెప్పాలంటే సౌత్ లొనాక్‌లో కూలింది సరస్సు పక్కనున్న గడ్డకట్టిన మొరెయిన్ గట్టు. మంచు కాలువల్ని ఎంత కొలిచినా అది ఆగేది కాదు. 2021 చమోలీ వరద కూడా అంతే, మొదటిరోజు అందరూ గ్లేసియర్ పగిలిందన్నారు, తేలింది రోంతీ శిఖరం నుంచి రాయి, మంచు కలిసి విరిగిపడ్డాయని. కాబట్టి అన్ని ప్రమాదాలకీ ఇదొకటే మందు అనడం లేదు. ఉపగ్రహం సరస్సు వైశాల్యం చెబుతుంది. లోతు చెప్పదు, కింద దారి ఉందో లేదో అసలే చెప్పదు. తెత్ రూస్‌ని ఆకాశం నుంచి చూస్తే తెల్లటి మచ్చ, అంతే.

ఖర్చు అంటారు. ఫ్లోరోమీటర్లు, డేటా లాగర్లు, ప్రెషర్ సెన్సర్లు పెద్ద జలవిద్యుత్ ప్రాజెక్టు లెక్కలో చిల్లర. నిజమైన ఖర్చు మనుషులు. మే నుంచి అక్టోబరు దాకా 4,000 మీటర్ల ఎత్తులో టెంట్లలో ఉంటూ, వరదకి కొట్టుకుపోయిన సెన్సర్ని మళ్ళీ పెడుతూ, పదేళ్ళ పాటు అదే పని చేసే మనుషులు. మన పద్ధతిలో పీహెచ్‌డీ విద్యార్థి స్కాలర్‌షిప్ ఉన్నన్నాళ్ళు వెళ్తాడు, థీసిస్ అయ్యాక ఇంకో ఊళ్ళో ఉద్యోగం చూసుకుంటాడు, గేజి తుప్పు పడుతుంది. గోదావరి మీద గేజి చూసేవాడు జీతానికి పనిచేస్తాడు, పేపర్ రాయక్కర్లేదు. వాన వచ్చినా రాకపోయినా పొద్దున్నే ఆ అంకె రాస్తాడు. హిమానీనదాలకి కావలసింది అలాంటి ఉద్యోగి. పరిశోధన గ్రాంటు కింద కాక, వరద శాఖ పద్దులో, పింఛనుతో సహా.

భాగీరథి మీద, అలకనంద మీద, తీస్తా మీద విద్యుత్తు అమ్ముకునే ప్రతి కంపెనీకీ ఎగువ హిమానీనదం ముఖం దగ్గర ఒక గేజి నడిపి, గంటవారీ లెక్క బయటపెట్టాలన్న షరతు పెట్టొచ్చు. అరోలా అనుభవం చెప్పేది అదే. డ్యామ్ కట్టాక తమ గేట్ల కోసం వాళ్ళు ఎలాగూ కొలుస్తారు. ఆ కొలత ఇంకాస్త పైనుంచి మొదలవ్వాలి, అందరికీ కనపడాలి.

కనపడడం దగ్గరే అసలు చిక్కు. గోదావరి ప్రవాహ లెక్కలు కావాలంటే మీరు ఈ సాయంత్రం కేంద్రం వాళ్ళ జలవనరుల సైటు ఇండియా-వ్రిస్‌లోకి వెళ్ళి దించుకోవచ్చు. కృష్ణవీ అంతే. గంగ, బ్రహ్మపుత్ర, సింధు లెక్కలు మాత్రం రహస్య జాబితాలో ఉన్నాయి, 2018లో వచ్చిన నీటి లెక్కల విధానంలో కూడా. అవి పొరుగు దేశాలతో పంచుకునే నదులు కాబట్టి ఒప్పందాల వ్యవహారం అంటారు. సరే, ఈ ఏటి లెక్క ఇవ్వొద్దు. పదేళ్ళ పాతది ఇవ్వండి. గోముఖం కింద రాత్రి ప్రవాహం పగటితో పోలిస్తే తగ్గుతోందో లేదో చూడ్డానికి అది చాలు, కాకినాడలో కూర్చున్న ఎంటెక్ విద్యార్థి కూడా ఒక ల్యాప్‌టాప్‌తో తేల్చేస్తాడు. 2014 జూలైలో ఒక మంగళవారం మధ్యాహ్నం మూడింటికి భాగీరథిలో ఎన్ని క్యూమెక్కులు (సెకనుకి ఘనపు మీటర్లు) పారాయో బయటికి తెలిస్తే దేశానికి వచ్చే ముప్పేమిటో ఇంతవరకు నాకు ఎవరూ వివరించలేదు.